పించం లేని ఆ నల్ల పక్షి నెమలేనా? కాంగో నెమలి గురించి

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెప్పి చూస్తాను. మీకు ఒక ఫొటో దొరికింది. అందులో కోడి కంటే కాస్త పెద్దదైన నల్లటి పక్షి ఉంది. మెడ బోసిగా, ఎర్రగా ఉంది. నెత్తిన తెల్లటి కుచ్చు నిటారుగా నిలబడి ఉంది. పించం లేదు. కింద 'ఆఫ్రికా నెమలి' అని రాశారు. వెనకాల గోధుమరంగు కోడి ఒకటి సగం కనబడుతోందనీ, దానికీ దీనికీ సంబంధం లేదనుకుంటున్నాననీ మీరే చెప్పారు. ఆఫ్రికాలో నెమళ్లు ఎక్కడివి, ఇది గిన్నికోడికి ఎవరో తగిలించిన పేరా, కంప్యూటర్‌లో తయారైన బొమ్మా, నిజమే అయితే ఇంత పెద్ద పక్షి గురించి ఎవరూ ఎందుకు చెప్పరు? ఇవీ మీ సందేహాలు.

ఫొటో నిజమైనదే. పక్షి కూడా నెమలే. కాంగో నెమలి అంటారు, శాస్త్రీయ నామం అఫ్రోపావో కాంజెన్సిస్. కాంగో ప్రజాస్వామ్య గణతంత్ర దేశంలోని వర్షారణ్యాల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఇది సహజంగా లేదు. ఆ దేశానికి ఇదే జాతీయ పక్షి. నేను ముప్పై ఏళ్లు ఒక మ్యూజియంలో పక్షి నమూనాల గదిలో పనిచేశాను. బతికున్న కాంగో నెమలిని చూసింది మాత్రం ఒకే ఒక్కసారి, అదీ జంతు ప్రదర్శనశాలలో, గాజు అద్దం అవతల. కాబట్టి అడవిలో దాని వెంట నడిచిన వాడిలా మాట్లాడను. ఈకలు, కాళ్లు, చీటీలు చూసి పక్షిని పట్టుకోవడం నా పని. ఈ పక్షి కథలో అసలు విషయం కూడా అక్కడే ఉంది.

మగది తోకతో కలిపి 64 నుంచి 70 సెంటీమీటర్లు ఉంటుంది, బరువు ఒకటిన్నర కిలో దరిదాపు. మనకు తెలిసిన మగ నెమలి పించంతో కొలిస్తే 2 మీటర్లు దాటుతుంది, 4 కిలోలకు పైగా తూగుతుంది. పక్కపక్కన పెడితే తండ్రీ కొడుకుల్లా కూడా ఉండవు. దూరం నుంచి కాంగో నెమలి నల్లగానే కనబడుతుంది. వెలుతురు పడితే ఆ నలుపు ముదురు నీలమవుతుంది, ఈకల అంచుల్లో ఊదా, వీపు మీద పచ్చటి మెరుపు తేలుతాయి. నెత్తిమీది తెల్లటి కుచ్చు మెత్తటి ఈకల తురాయి కాదు, బిరుసైన వెంట్రుకల్లాంటి పోచలు. ఎవరో చిన్న బ్రష్షు గుచ్చినట్టు ఉంటుంది.

మనం నెమలికి వాడే పాత పేర్లను దీని మీద పరీక్షించి చూడటం నాకు సరదా. శిఖి అంటే సిగ ఉన్నది. కాంగో నెమలికి సరిపోతుంది. కేకి అంటే కేక పెట్టేది. అదీ సరిపోతుంది, ఎంత బాగా సరిపోతుందో కాసేపట్లో చెబుతాను. నీలకంఠం కాదు, కంఠం ఎర్రన. బర్హి అంటే పించం కలది. అసలు పేచీ అక్కడే.

పించం అంటే తోక అనుకుంటాం కానీ కాదు. నెమలి తోక వేరే ఉంది. గట్టి ఈకలతో, మాసిన రంగులో, పించం వెనకాల దాగి ఉంటుంది. నెమలి పురి విప్పినప్పుడు వెనక్కి వెళ్లి చూడండి, పించాన్ని కర్రల్లా నిలబెట్టి మోస్తున్నది ఆ తోకే. పించం ఈకలు తోక మొదలును కప్పే ఈకలు. చాలా పక్షులకు అవి పొట్టిగానే ఉంటాయి, మగ నెమలికి మాత్రం మీటరు దాటి పెరిగాయి. కాంగో నెమలిలో అవి ఎదగలేదు. కప్పే ఈకలు కప్పే పనికే పరిమితమయ్యాయి. అయినా మగది ఆడదాని ముందు తోకను నిలబెట్టి విసనకర్రలా విప్పుతుంది, రెక్కలు కిందికి వాల్చుతుంది. ఆట అదే, వేషం మాత్రం కట్టలేదు.

ఎందుకు కట్టలేదంటే పక్షి శాస్త్రవేత్తలు సాధారణంగా రెండు కారణాలు చెబుతారు. మన నెమళ్లలో మగవి ఒక చోట చేరి పురి విప్పుతాయి, ఆడవి వచ్చి ఎంచుకుని వెళ్లిపోతాయి. గుడ్లు పొదగడంలో, పిల్లల్ని పెంచడంలో మగదానికి పాత్ర లేదు. చేసేదల్లా మెప్పించడమే కాబట్టి అలంకారం అంతు లేకుండా పెరిగింది. కాంగో నెమలి ఒక మగ, ఒక ఆడ జంటగా బతుకుతుంది. ఆడది 2 నుంచి 4 గుడ్లు పెట్టి దాదాపు 26 రోజులు పొదుగుతుంది, మగది దగ్గరలోనే కావలి కాస్తుంది, పిల్లలు పుట్టాక ఇద్దరూ వాటి వెంట తిరుగుతారు. అలాంటి కాపురంలో ఒంటి మీది ఆర్భాటానికి అంత గిరాకీ ఉండదు. రెండో కారణం అడవే. తీగలు, పొదలు అల్లుకున్న నేల మీద మీటరున్నర పించం ఈడ్చుకుంటూ పరిగెత్తడం ఎలా ఉంటుందో ఊహించండి. నాకు మొదటి కారణమే బలంగా కనబడుతుంది. ఎందుకంటే జావా, ఇండోచైనా ప్రాంతాల పచ్చ నెమలి కూడా అడవుల్లోనే ఉంటుంది, దాని పించానికి ఏ లోటూ రాలేదు.

ఇక మీ అసలు ప్రశ్న: ఇంత పెద్ద పక్షి గురించి ఎందుకు తెలియలేదు?

1909లో అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ వాళ్లు హెర్బర్ట్ లాంగ్‌నూ, ఆయనకు సహాయంగా జేమ్స్ చాపిన్‌నూ కాంగోకు పంపారు. అప్పుడది బెల్జియం వలస. చాపిన్‌కు 19 ఏళ్లు. ముఖ్యంగా ఒకాపి కోసం వెళ్లారు. జిరాఫీకి బంధువైన ఆ జంతువు శాస్త్రవేత్తలకు తెలిసి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు, 1901లో దానికి పేరు పెట్టారు. అంత పెద్ద జంతువే అంతకాలం దొరకలేదంటే ఆ అడవి ఎలాంటిదో అర్థం చేసుకోవచ్చు. 1915 వరకు ఆ ఇద్దరూ అక్కడ తిరిగి ఆరు వేలకు పైగా పక్షి నమూనాలు సేకరించారు. అందులో కాంగో నెమలి ఒక్కటీ లేదు.

ఒక్క ఈక మాత్రం ఉంది. 1913లో ఇటూరి ప్రాంతంలోని అవకుబి అనే చోట ఒక స్థానికుడి తలపాగాలో చాపిన్ దాన్ని చూశాడు. రాగి రంగు మీద నల్లటి అడ్డ చారలున్న రెక్క ఈక. తనకు తెలిసిన ఏ పక్షితోనూ సరిపోలకపోవడంతో తీసుకుని దాచుకున్నాడు.

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే ఒక్క ఈకతో ఏం తెలుస్తుందని చాలామంది నన్ను అడుగుతారు. ఈక చేతికొస్తే మేము ముందు రంగు చూడం, కాడకు రెండు వైపులా ఉన్న రేకుల వెడల్పు చూస్తాం. ఒక వైపు బాగా సన్నగా, రెండో వైపు వెడల్పుగా ఉంటే అది రెక్క కొసన ఉండేది, గాలిని కోసేది. రెండు వైపులా కొంచెమే తేడా ఉండి, కొస గుండ్రంగా, కాడ ఒక పక్కకు వంగి ఉంటే అది ముంజేతి ఎముక వెంట వరుసగా ఉండే ఈక. వంపు ఎటో చూస్తే కుడి రెక్కదో ఎడమ రెక్కదో చెప్పవచ్చు. పొడవును బట్టి పక్షి సైజు ఉజ్జాయింపుగా తెలుస్తుంది. కాడ అడుగున మిగిలిన నూగు, చారల మధ్య దూరం, చార కాడను దాటి రెండో వైపుకు సూటిగా వెళ్లిందా, మెట్టుగా తప్పిందా అన్నవి తరవాతి సంగతులు. ఇన్ని చూశాక కూడా ఒక ముడి మిగులుతుంది. ఈక తనను తాను వర్ణించుకోగలదు కానీ తన పేరు చెప్పలేదు. పేరు కావాలంటే పక్కన పెట్టి చూడటానికి ఇంకో ఈక ఉండాలి. చాపిన్ దగ్గర లేనిది అదే. ఉన్న ప్రతి నమూనాతో పోల్చాడు, దేనితోనూ కలవలేదు. 23 ఏళ్లు దగ్గర పెట్టుకున్నాడు.

1936లో ఆయన బ్రస్సెల్స్ పక్కన టెర్వురెన్‌లోని కాంగో మ్యూజియంలో ఉన్నాడు. కాంగో పక్షుల మీద తన పెద్ద గ్రంథం పని మీద వెళ్లాడు. అక్కడ ఎవరూ పెద్దగా తిరగని ఒక నడవాలో, బీరువా పైన, దుమ్ము పట్టిన రెండు పక్షుల నమూనాలు నిలబడి ఉన్నాయి. ఒకటి నలుపు కలిసిన నీలం, ఒకటి గోధుమ ఎరుపు. రెండో దాని రెక్క మీద నల్లటి చారలు. అడుగున ఉన్న చీటీ మీద 'బయటి నుంచి తెచ్చిన నెమలి పిల్లలు' అని అర్థం వచ్చేలా, భారత నెమలి శాస్త్రీయ నామంతో రాసి ఉంది. కాంగోలో వ్యాపారం చేసిన ఒక బెల్జియం కంపెనీ 1914లో వాటిని మ్యూజియానికి ఇచ్చింది. అంటే చాపిన్‌కు ఈక దొరికిన మరుసటి ఏడాదికే మొత్తం పక్షి, అదీ జంటగా, ఐరోపాకు చేరిపోయింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారు.

ఇందులో ఆ మ్యూజియం వాళ్లను తిట్టడానికి నాకు నోరు రాదు. ఆ తప్పు ఎలా జరుగుతుందో నాకు తెలుసు. నమూనాలు రెండు రకాలు. ఒకటి, సొరుగులో వెల్లకిలా పడుకోబెట్టి, కాలికి దారంతో చీటీ కట్టి దాచేది. పరిశోధనకు పనికొచ్చేది అదే. రెండోది, లోపల కూరి, గాజు కళ్లు పెట్టి, చెక్క పీట మీద నిలబెట్టేది. చూడటానికి బాగుంటుంది, కానీ చీటీ పీటకు ఉంటుంది, పక్షికి ఉండదు. పైగా నిలబెట్టిన పక్షిని కాలక్రమంలో ఎవరూ నమూనాగా చూడరు, గదిలోని సామానుగా చూస్తారు. దాని మీద 'పిల్ల నెమలి, బయటి నుంచి తెచ్చినది' అని రాసి ఉంటే ఇక దగ్గరికి వెళ్లే పని ఏముంది? వలస దేశంలో తెల్లదొరల ఇళ్లలో పెంపుడు నెమళ్లు ఉండటం వింతేమీ కాదు. అంచనా అసంబద్ధం కాదు, అందుకే అది అంతకాలం నిలిచింది.

నా సంగతి కూడా చెబుతాను. మా గదిలో ఒక సొరుగులో 'ఆడ అడవికోడి' అని పాత చీటీ ఉన్న నమూనా ఒకటి ఉండేది. పదకొండేళ్లు దాన్ని అలాగే లెక్క రాశాను. ఒక రోజు పురుగు పట్టిందేమోనని తిప్పి చూస్తే రెండు కాళ్లకూ ముళ్లు ఉన్నాయి. ఆడ అడవికోడికి సాధారణంగా ముళ్లుండవు. అది జిట్టకోడి, ఆ జాతిలో ఆడవాటికీ కాలి ముళ్లు ఉంటాయి. పదకొండేళ్లలో ఎన్నిసార్లు చేత్తో పట్టుకుని ఉంటాను! ప్రతిసారీ చీటీ చదివాను, కాళ్లు చూడలేదు.

చాపిన్ చీటీని పక్కన పెట్టి రెక్క చూశాడు. ఆడదాని రెక్క ఈకలు తన ఈకతో కలిశాయి. ఆ ఏడాదే కొత్త ప్రజాతిగా, కొత్త జాతిగా ప్రకటించాడు. 1937లో మళ్లీ కాంగో వెళ్లి, పక్షిని దాని అడవిలోనే చూసి, నమూనాలు తెచ్చాడు. అక్కడ వేటగాళ్లను అడిగితే వాళ్లకు అది బాగా తెలిసిన పక్షే. దానికి వాళ్ల భాషల్లో పేర్లున్నాయి, ఎంబులు అనేది వాటిలో ఒకటి. ఎక్కడ పడుకుంటుందో తెలుసు, ఎలా అరుస్తుందో తెలుసు, రుచి కూడా తెలుసు. కాబట్టి 'ఎవరికీ తెలియని పక్షి' అన్నప్పుడల్లా ఎవరికి అని నేను అడుగుతాను. తలపాగాలో ఈక పెట్టుకున్న మనిషికి తెలుసు. ఆ ఈక ఏ పక్షిదని 1913లోనే అతని వెంట పడి అడిగి, చూపించమని అడవిలోకి వెళ్లి ఉంటే ఈ కథ 23 ఏళ్లు సాగేది కాదేమో. ఇది నా అభిప్రాయం మాత్రమే. అడవిలో ఆరేళ్లు గడిపిన కుర్రవాడిని ఇంట్లో కూర్చుని తప్పు పట్టడం సులువని కూడా తెలుసు.

అంత తేలిగ్గా కనబడని పక్షి కూడా. ఆ అడవిలో చెట్ల తలలు పైన కలిసిపోయి ఉంటాయి, నేలను చేరే వెలుతురు నూటికి ఒకటి రెండు వంతులే. ఆ మసకలో ముదురు నీలం పక్షి నీడలో నీడలా కలిసిపోతుంది. అలికిడైతే ఎగరదు, పరిగెడుతుంది. ఎగిరితేనే కదా మనకు పక్షి కనబడేది. రాత్రికి చెట్టెక్కి పడుకుంటుంది. అప్పుడు మాత్రం గుట్టు దాచుకోదు. చీకట్లో మగది హెచ్చు గొంతుతో 'గోవే' అంటే ఆడది మంద్రంగా 'గోవా' అని అందుకుంటుంది. అలా గోవే-గోవా, గోవే-గోవా అంటూ జంట కచేరీ చేస్తాయి. కేకి అన్న పేరు దీనికి బాగా సరిపోతుందని ముందు అన్నది అందుకే. మన నెమలి క్రేంకారం ఒంటరి గొంతు, ఇక్కడ ప్రశ్నకు జవాబు కూడా వినిపిస్తుంది. అడవిలో వీటి ఉనికిని కనిపెట్టడానికి నేటికీ చూపు కంటే చెవే ఎక్కువ పనికొస్తుంది. ఈ మధ్య కాలంలో చెట్ల మొదళ్లకు కట్టే ఆటోమేటిక్ కెమెరాలు కూడా తోడయ్యాయి. చిరుతల కోసం, చిన్న జింకల్లాంటి డైకర్ల కోసం కట్టిన కెమెరాల ముందు నుంచి ఇవి తాపీగా నడిచి వెళుతూ దొరికిపోతున్నాయి.

తిండి గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. రాలిన పండ్లు, గింజలు, చెదలు, చీమలు, ఇతర పురుగులు. ట్రెక్యూలియా అనే చెట్టు పండ్లు బాగా ఇష్టం. పనస కుటుంబానికి చెందిన చెట్టే, పండు కూడా అంతే పెద్దది, నేల మీద పడి పగిలితే అడవిలో సగం జంతువులు అక్కడికే వస్తాయి. పాత అడవిలోనే కాకుండా ఒకప్పుడు నరికి వదిలేసిన చోట మళ్లీ పెరిగిన అడవిలోనూ ఇవి ఉంటున్నాయని సలొంగా నేషనల్ పార్క్‌లో గమనించారు. అది కాస్త ఊరటనిచ్చే విషయం.

ఇప్పుడు మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన భాగం, 'ఆఫ్రికాలో నెమళ్లు ఎక్కడివి' అన్నది. చాలాకాలం శాస్త్రవేత్తలూ ఇదే అడిగారు. ఒంటి మీద కొన్ని పోలికలు నెమలివి, కొన్ని గిన్నికోడివి. మీరు గిన్నికోడి అనుకోవడం తెలివితక్కువ అనుమానం కాదు, పండితులే ఆ ఊగిసలాటలో ఉన్నారు. 1997లో డీఎన్‌ఏ పోల్చి చూసిన పరిశోధన ఒకటి వచ్చింది. దీనికి అన్నిటికంటే దగ్గర చుట్టాలు ఆసియా నెమళ్లేనని అది తేల్చింది.

మరి మధ్యలో అంత దూరం ఎలా? ఇప్పటి పటం చూసి అడిగితే జవాబు దొరకదు. నెమళ్లు ఒకప్పుడు ఇప్పటి కంటే చాలా విస్తారంగా ఉండేవి. ఐరోపాలో కూడా నెమలి శిలాజాలు దొరికాయి, పావో బ్రవార్డి అని పేరు పెట్టిన ఆ పక్షి ప్లయోసీన్ యుగంలో, లక్షల ఏళ్ల కిందట, ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతంలో తిరిగింది. నేడు ఎడారిగా ఉన్న పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికాలు అంతకు ముందు కాలాల్లో ఇంత ఎండి లేవు. వాతావరణం మారి మధ్య అడవులు పోయాక అటు కొందరు, ఇటు కొందరు మిగిలారు. కాంగో నెమలి ఒక్కటే ఇలా మిగల్లేదు. టాంజానియాలోని ఉడ్జుంగ్వా కొండల్లో 1991లో ఒక కొత్త కౌజు జాతి దొరికింది. శాస్త్రవేత్తలకు అది మొదట ఎక్కడ కనబడిందో చెబితే నవ్వుతారు: అడవిలో వేసుకున్న గుడారం దగ్గర, వంట గిన్నె అడుగున, తెలియని పక్షి కాళ్లు రెండు. దాని చుట్టాలు కూడా ఆసియా కొండల కౌజులే. అక్కడా వండుకున్న వాళ్లకు తెలిసిన పక్షే, తినడానికి కూర్చున్న వాళ్లకే కొత్త. కాళ్లు చూడటం ఎంత మంచి అలవాటో నాకు ఇలాంటివి విన్నప్పుడల్లా మళ్లీ తెలుస్తుంది.

ఎక్కడ చూడవచ్చని కూడా అడిగారు. అడవిలో చూడాలంటే సలొంగా, మైకో నేషనల్ పార్క్‌లు, ఒకాపి రిజర్వ్, 2016లో ఏర్పాటైన లొమామి నేషనల్ పార్క్ దీని నెలవులు. సలొంగా ఒక్కటే దాదాపు 36,000 చదరపు కిలోమీటర్లు, యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. దారులు లేవు, నదుల మీద పడవల్లో రోజుల తరబడి వెళ్లాలి. తూర్పు ప్రాంతాల్లో దశాబ్దాలుగా సాయుధ ముఠాల బెడద ఉంది. పక్షిని చూడాలన్న కోరికతో ఒక్కరే బయలుదేరే చోటు కాదు. జంతు ప్రదర్శనశాలలు మేలు. 1949లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూకు చార్ల్స్ కార్డియర్ వీటిని ప్రాణాలతో పట్టి తెచ్చాడు. తరవాత బెల్జియంలోని ఆంట్వెర్ప్ జూ వీటిని పెంచి పిల్లల్ని చేయించడంలో ఆరితేరింది, బోనుల్లో ఉన్న కాంగో నెమళ్ల వంశావళి లెక్కలను కూడా వాళ్లే చూస్తారు. గూటికి ఇవి నేల కంటే ఎత్తు మీది చోటును ఇష్టపడతాయని, పిల్లలు పుట్టిన కొద్ది రోజులకే ఎగిరి కొమ్మ ఎక్కుతాయని ఇలా పెంచిన వాళ్ల వల్లే మనకు తెలిసింది. అడవిలో గూడు చూసి చెప్పే అవకాశం చాలా తక్కువ.

అడవిలో ఎన్ని మిగిలాయంటే పెద్దవి 10,000 లోపేనని అంచనా. వీటిని పట్టడానికని ప్రత్యేకంగా ఎవరూ బయలుదేరరు. తూటా ఖర్చు పెట్టే వేటగాడు అంతకు రెట్టింపు మాంసం వచ్చే కోతినో డైకర్‌నో కొడతాడు. ప్రమాదం ఉచ్చుల వల్ల. తీగతో చేసి జంతువుల దారిలో నేల మీద పెట్టే ఉచ్చుకు కాలు డైకర్‌దా నెమలిదా అన్న తేడా లేదు, ఈ పక్షేమో రోజంతా నేల మీదే నడుస్తుంది. దానికి తోడు అడవి లోపల బంగారం, కోల్టాన్ వంటి ఖనిజాల కోసం వెలిసే తాత్కాలిక గని గుడిసెలు. వందల మంది కూలీలకు అక్కడ తిండి అడవి నుంచే రావాలి. గని వెలిసిన చోట ఉచ్చులు వెలుస్తాయి.

చివరగా ఫొటోల విషయం. కాంగో నెమలి పేరుతో తిరిగే వాటిలో తప్పులు చాలా ఉన్నాయి. పొడవైన పించంతో నల్లటి నెమలి కనబడితే అది కచ్చితంగా ఇది కాదు. బొమ్మైనా అయి ఉండాలి, మన నెమలిలోనే రెక్కలు నల్లబడిన పెంపుడు రకమైనా అయి ఉండాలి. నల్లటి ఒంటి నిండా సన్నటి లేతనీలం చుక్కలు, నెత్తిన నల్లటి ఈకల కుచ్చు ఉంటే అది ఆఫ్రికా అడవుల్లోని సిగ గిన్నికోడి. కాంగో నెమలికి చుక్కలుండవు. మీ ఫొటోలో చుక్కలు లేవు, కుచ్చు తెల్లన, గొంతు ఎర్రన, తోక పొట్టి. అనుమానం అక్కర్లేదు.

వెనకాల ఉన్న గోధుమరంగు కోడి కూడా కోడి కాదు. అది ఆ నల్లదాని జత. ఆడది. ఫొటోను పెద్దది చేసి చూస్తే వీపు మీద పచ్చటి మెరుపు, నెత్తిన పొట్టి గోధుమరంగు సిగ కనబడాలి. అది పక్కకు తిరిగి ఉంది కాబట్టి రెక్క మడత కూడా చూడండి. రాగి రంగు మీద నల్లటి అడ్డ చారలు ఉంటాయి. చాపిన్ అవకుబిలో తీసుకున్నది ఆ ఈకనే.